భారం పెరగని జల్లెడ

టీ జల్లెడతో నిమ్మరసం వడకట్టవచ్చా అన్న అంశంపై మా ఇంట్లో ఒక మంగళవారం ఉదయం చర్చ జరిగింది. వడకట్టినది మావారు. ఆ పులుపు తగిలి టీ విరిగిపోయిందని ఫిర్యాదు చేసినది అత్తగారు. ఆఫీసు సూపరింటెండెంటుగా రిటైరై, ఇంటిని కూడా ఫైళ్ల మీదే నడిపే మామగారు ఇరుపక్షాలనూ విని, విషయాన్ని పెండింగులో పెట్టారు.

మావారు యూనివర్సిటీలో లెక్కలు చెబుతారు. ఒక చోట పనిచేసే జల్లెడ మరో చోటా పనిచేస్తుందని, భారం వీసమెత్తు పెరగదని ఆరేళ్లుగా నిరూపిస్తున్నారు. ఆయన జల్లెడ కంటికి కనపడదు. ఒక్కో తరంగాన్ని ఒక్కో అంకెతో హెచ్చవేసి, కొన్నిటిని పెంచుతుంది, కొన్నిటిని అణచివేస్తుంది. అంతులేని గీత మీద పనిచేసే ఆ జల్లెడను వలయం మీదికి మార్చడం ఆయన జీవితాశయం.

ఆ నిరూపణ రాసి పత్రికకు పంపిన వ్యాసం రెండుసార్లు తిరిగొచ్చింది. సమీక్షకులకు బుర్ర లేదని ఇంట్లో ఏకగ్రీవంగా తీర్మానించాం. నేనూ లెక్కల్లోనే ఎమ్మెస్సీ కనుక, బట్టలు మడతపెడుతూ నాలుగో పేజీ చూశాను. గీత మీద ఒక్క బిందువు దగ్గర అంకె తప్పినా ఎవరికీ తెలియదు. వలయం మాత్రం ఏరి కోరి అలాంటి విడివిడి బిందువులనే చదువుతుంది. అక్కడ అంకె హఠాత్తుగా మారకూడదన్న షరతు ఉండాలి. ఆ మాటే చెప్పాను.

"నువ్వు ముందు టీ సంగతి చూడు" అన్నారు.

షరతు చేర్చి పంపారు. వ్యాసం అచ్చయింది, ఆయన ప్రొఫెసరయ్యారు. వేళకు టీ అందించినందుకు చివరి పేజీలో నాకు కృతజ్ఞతలు చెప్పారు.

ఇంతలో నాకు హైస్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చింది. పదకొండేళ్లుగా ఎదురుచూసిన ఉత్తరం. సోమవారం చేరకపోతే పోస్టు తర్వాతివారికి పోతుంది. అర్జీ మామగారి ముందు పెట్టాను. మావారి సిద్ధాంతాన్ని నాలుగు రోజులు కూలంకషంగా పరిశీలించి, ఆదివారం భోజనాల దగ్గర మామగారు నిర్ణయం ప్రకటించారు.

"ఇల్లు నడిపే మనిషి బడిలోనూ పనిచేయగలదని శాస్త్రీయంగా తేలినందున కోడలికి అనుమతి ఇవ్వడమైనది. ఇంటిపనులు యథాతథం. భారం పెరగదు."

ఇంత విశాల హృదయం ఎక్కడా చూడలేదని అత్తగారు కళ్లు తుడుచుకున్నారు. మావారు తన సిద్ధాంతానికి దక్కిన గౌరవానికి వినయంగా తలవంచారు.

నేను కూర వడ్డిస్తూ, "అలాగే మావయ్యా. యూనివర్సిటీలో పనిచేసే మనిషి వంటింట్లోనూ పనిచేస్తారు. రేపటి నుంచి పొద్దుటి వంట మీ అబ్బాయిది" అన్నాను.

మావారి చేతిలో ముద్ద ఆగిపోయింది. "అదెలా కుదురుతుంది? హఠాత్తుగా మారకూడదని నువ్వే కదా చెప్పావు?"

ఆ షరతు నాదని నలుగురిలో ఆయన ఒప్పుకోవడం అదే మొదలు. ఆ మాట ఫైల్లో రాసుకోండని మామగారికి పెన్ను అందించి, జల్లెడ తెచ్చి మావారి కంచం పక్కన పెట్టాను.

ఈ ఘట్టంలో మావారి మీద జాలి కలిగిన పాఠకులు, మామగారి తీర్మానం దగ్గర తమకు ఏమీ అనిపించకపోతే, దయచేసి ఆ పేరా మరోసారి చదువుకోగలరు.