మూడో బీరువా, కింది అర

మార్చి పదకొండో తేదీ. ఆ మధ్యాహ్నం ఫిర్యాదుల విభాగం వారు రొట్టె, ఉడికించిన గుడ్లు, ఉప్పు చల్లిన టమాటా ముక్కలు తిన్నారు. తేదీ ఇంత కచ్చితంగా ఎందుకు గుర్తుందంటే, రెండో గుడ్డు పెంకు తీస్తుండగా సర్క్యులర్ వచ్చింది. నీటి సరఫరా కార్యాలయంలో జట్టుస్ఫూర్తి కొరవడినట్టు పై అధికారులు గుర్తించారనీ, దాన్ని పెంపొందించే నిమిత్తం నాలుగు విభాగాలకూ కంప్యూటరు మీద తుపాకుల ఆటలో పోటీలు పెడుతున్నారనీ అందులో ఉంది. నెగ్గిన విభాగానికి ఉత్తమ జట్టు పత్రం. ఆఖరున నిలిచిన విభాగం రద్దు. సిబ్బందిని తలో చోటికీ సర్దుతారు. కుళాయిల్లో నీళ్లు రావడం లేదన్న సంగతికీ దీనికీ సంబంధం లేదు కనుక అది ప్రస్తావించలేదు.

ఫిర్యాదుల విభాగంలో ఉన్నది అయిదుగురే. విభాగాధికారిని సారు అంటారు. జనం తిట్లను ఫోనులో వినేందుకు నియమితుడైన ఆయన ఫోనాయన. టైపు చేసే ఆవిడ అక్కయ్య. ఆరేళ్ల కిందట చేరినా, ఆ తర్వాత ఇంకెవరినీ తీసుకోకపోవడంతో కొత్తమ్మాయిగానే ఉండిపోయిన అమ్మాయి ఒకరు. అయిదో మనిషి రికార్డుల బీరువాలు చూసుకునే బాబాయ్.

బాబాయ్ భార్య పోయి రెండేళ్లు. సెలవు ముగిసి పనిలోకి వచ్చిన రోజున ఆయన క్యారేజీ మూత తీసి, కాసేపు చూసి, మళ్లీ పెట్టేశాడు. మర్నాడు అక్కయ్య తన కుర్చీని ఆయన బల్ల దగ్గరికి లాక్కొచ్చింది. ఆ మర్నాడు ఫోనాయన. వారం తిరిగేసరికి సారు కుర్చీ కూడా వచ్చింది, హోదాకు తగ్గట్టు కాస్త ఎడంగా. ఇంటి దగ్గర బాబాయ్ ఇప్పటికీ వంటింట్లో నిలబడే తింటాడు. కూర్చుని తినేది ఈ ఒక్క పూట. విభాగం రద్దయితే మిగతావాళ్లకు గది మారుతుంది; ఆయనకు ఆ పూట పోతుంది.

ప్రారంభ సభలో డైరెక్టరు గారు ప్రసంగించారు. “యుద్ధంలో ‘నేను’ అనే మాటకు చోటు లేదు! ‘మనం’ ఒక్కటే! ఈ ఆలోచన పూర్తిగా నాది!” అన్నారు. సభ హర్షించింది.

ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు, మధ్యలో పెట్టెలు పేర్చిన గిడ్డంగి. ఒక జట్టు దాన్ని కాపాడాలి, రెండోది చొరబడాలి. చెవులకు తగిలించుకున్న ఫోన్లలో ఒక జట్టువాళ్లు మాట్లాడుకోవచ్చు. గుండు తగిలినవాడు కూలతాడు. ఇరవై సెకన్లలోగా తోటివాడు పక్కన కూర్చుని లేపితే లేస్తాడు. లేకపోతే అంతే సంగతులు.

సాధనకు ముందు సారు విధుల పట్టిక తయారు చేయించాడు. కాల్పులన్నీ తన అనుమతితోనే జరగాలని అందులో మొదటి నిబంధన.

“సారూ, ఎదురుగా ఒకడొస్తున్నాడండీ. కాల్చమంటారా?” అన్నాడు ఫోనాయన.

“ఏ పని మీద వస్తున్నాడు?”

“తుపాకీ పట్టుకుని వస్తున్నాడండీ.”

“ఒక్క నిమిషం ఆగమను.”

వచ్చినవాడు ఆగలేదు. రెండో ఆటలో ఎడమ కిటికీ కాపలా ఫోనాయనది. ఆయన మధ్యలో టీకి వెళ్లాడు. శత్రువులు ముగ్గురు ఆ కిటికీలోంచే, తొందరేమీ లేకుండా, ఒకరి తర్వాత ఒకరు దిగారు. అక్కయ్య కళ్లారా చూసింది. అయితే తన విధి తలుపు వరకే కనుక జోక్యం చేసుకోలేదు. కొత్తమ్మాయి మాత్రం చొరవ తీసుకుని నాలుగు గుళ్లు పేల్చింది. రెండు సారుకు తగిలాయి. ఆమె క్షమాపణ కోరింది. తక్కినవారు విచారం వెలిబుచ్చారు గాని, మొహాలు సహకరించలేదు.

ఆట నాలుగు నిమిషాలు, సమీక్షా సమావేశం రెండు గంటలు. కార్యాలయం పిలిపించిన వ్యూహ సలహాదారు తెర మీద బాణం గుర్తులు చూపిస్తూ, “మీరు శత్రువుని చూడగానే ‘అక్కడ, అక్కడ’ అంటున్నారు. ఎక్కడండీ?” అని అడిగాడు.

“అదుగోనండీ, అక్కడే!” అన్నాడు ఫోనాయన.

ఇన్ని ఆటల్లోనూ బాబాయ్ ఒక్క గుండూ పేల్చలేదు. ఆయనకు పట్టుబడ్డవి రెండే మీటలు. ఒకటి నడవడానికి, రెండోది పడినవాళ్లను లేపడానికి. ఎవరు కూలినా వెళ్లి పక్కన కూర్చుని, “లే తల్లీ, లే. ఏం కాలేదు” అనేవాడు. సారును కూడా ఓసారి తల్లీ అన్నాడు. సారు పట్టించుకోలేదు, ఆ సమయంలో ఆయన కింద పడి ఉన్నాడు.

మూడో రోజు అలా ఫోనాయనను లేపగానే పెట్టెల వెనక శత్రువు కదిలాడు. అరలు అరలుగా పేర్చిన ఆ పెట్టెల్ని చూడగానే బాబాయ్ నోట అలవాటుకొద్దీ వచ్చేసింది.

“మూడో బీరువా, కింది అర.”

ఏళ్ల తరబడి ఏ ఫైలు అడిగినా ఆయన కూర్చున్న చోటినుంచి కదలకుండా చెప్పే జవాబది. నలుగురి తలలూ ఠక్కున ఒకే వైపు తిరిగాయి. నాలుగు తుపాకులూ పేలాయి. నలుగురు ఒకే పనిని ఒకేసారి చేయడం ఆ విభాగం చరిత్రలో అదే ప్రథమం.

ఆనాటి నుంచి గిడ్డంగి వాళ్లకు రికార్డుల గది అయిపోయింది. మెట్లు నిచ్చెన. ఎడమ కిటికీ చెదలు పట్టిన అర. “చెదల అర, ఇద్దరు” అంటే ఇంకో మాట అక్కర్లేదు. సారు సైతం కాలంతోపాటు నడిచి, ‘తగిన కారణం ఉన్నచోట కాల్చవచ్చును’ అని ముందస్తు అనుమతి జారీ చేశాడు. సలహాదారు దీనికి ‘స్థల సంకేత వ్యూహం’ అని పేరు పెట్టి, అది తాను నేర్పిందేనని నివేదికలో రాసుకున్నాడు.

పోటీల రోజు రానే వచ్చింది. పైపుల విభాగంలో అయిదుగురూ నాయకులే కావడంతో అయిదు దిక్కులకు దాడి చేశారు. రెండు నోటీసులు ఇవ్వనిదే ఎవరి మీదా చర్య తీసుకోరాదని బిల్లుల విభాగం తన సంప్రదాయాన్ని నిలబెట్టుకుంది. రెండు విభాగాలూ తుడిచిపెట్టుకుపోయాయి. అందులోనూ పైపులవారు ఆఖరు. చివరి ఆటకు మీటర్ల విభాగం, ఫిర్యాదుల విభాగం మిగిలాయి.

ఆఖరు నిమిషంలో సారు పోయాడు, ఫోనాయన పోయాడు, కొత్తమ్మాయి పోయింది. అక్కయ్య కూలిపోయి ఉంది. బాబాయ్ ఆమె పక్కన చతికిలబడ్డాడు. మీటర్లవాడు ఒక్కడు మిగిలి, గిడ్డంగి లోపలికి వస్తున్నాడు.

“నన్నొదిలెయ్ బాబాయ్! నువ్వు పారిపో!” అని అరిచింది అక్కయ్య.

“ఎక్కడికి పోతానమ్మా? నాకు ఇంకో మీట తెలీదు.”

అక్కయ్య లేచింది. “నిచ్చెన, పై మెట్టు” అన్నాడు బాబాయ్. ఆమె ఎటు చూడాలో వెతుక్కోలేదు. ఒక్క గుండుకు మీటర్లవాడు కూలాడు, ఆట ముగిసింది. ఫోనాయన బాబాయ్‌ని గట్టిగా కావలించుకున్నాడు. దీనికి సారు అభ్యంతరం చెప్పలేదు.

బహుమతి సభలో డైరెక్టరు గారు ఉత్తమ జట్టు పత్రాన్ని అందించి, ఫోటో పూర్తయ్యాక, ఉత్తర్వు చదివారు. “ఇంత జట్టుస్ఫూర్తి ఒకే గదిలో పోగుపడి ఉండటం తక్కిన విభాగాలకు అన్యాయం. కావున దీన్ని అందరికీ సమంగా పంచుతున్నాం!”

సారును బిల్లులకు, ఫోనాయనను మీటర్లకు, అవసరం ఎక్కువ కనుక అక్కయ్యనూ కొత్తమ్మాయినీ పైపులకు కేటాయించారు. ఆఖరున నిలిచిన పైపుల విభాగాన్ని రద్దు చేద్దామంటే అందులోని వారిని తీసుకోలేమని అన్ని విభాగాలూ రాతపూర్వకంగా తెలియజేశాయి. పైగా కలిసి ఉండటం వారికి ఇంకా అలవాటు కావలసి ఉంది. కనుక యథాతథం. బాబాయ్ విషయంలో, ఒక్క గుండూ పేల్చనందున జట్టులో ఆయన పాత్ర నిర్ధారణ కాలేదు. ఆయన్ను పంచడం వల్ల ఎవరికీ ప్రయోజనం లేదని తేల్చి, ఉన్నచోటే ఉంచారు.

హాలు చప్పట్లతో మారుమోగింది. ముందు వరుసల్లో సిబ్బంది, వెనక వరుసల్లో నీళ్లు రాని వీధుల నుంచి అర్జీలతో వస్తే, సభ జరుగుతోందని కూర్చోబెట్టిన జనం. వెనక వరుసల చప్పట్లే ఎక్కువసేపు వినిపించాయి. ఇది చదువుతున్న మీరు ఏ వరుసలో ఉన్నారో ఫోటోలో సరిగా పడలేదు. ఫిర్యాదులు వినేవాళ్లు లేకపోవడంతో ఆ నెలాఖరుకు ఫిర్యాదులు సున్నాకు దిగాయి. జట్టుస్ఫూర్తి సాధించిన ఫలితంగా దాన్ని నమోదు చేశారు.

సభ జరిగిన సాయంత్రం సామాన్లు సర్దుకుంటూ అక్కయ్య, “మధ్యాహ్నాలు వస్తాంలే బాబాయ్” అంది.

“ఎలా వస్తాం? భోజనం గంట విభాగానికొకటి. బిల్లులకు పన్నెండు, మీటర్లకు ఒకటి, మీ పైపులకు రెండు” అన్నాడు ఫోనాయన.

“అయితే నేను మూడుసార్లు తినాలన్నమాట” అన్నాడు బాబాయ్. అందరూ నవ్వారు. కొత్తమ్మాయి మాత్రం మొహం తిప్పుకుని సంచి సర్దుకుంది.

వాళ్లు మెట్లు దిగిపోయేదాకా ఆయన నడవాలో నిలబడ్డాడు. తర్వాత లోపలికి వెళ్లి కిటికీ రెక్కలు బిగించాడు, ఫ్యాను కట్టేశాడు, దీపం ఆర్పాడు. బయటికొచ్చి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.