మూడింతల పుణ్యం

షికోకు ద్వీపం చుట్టూ ఎనభై ఎనిమిది గుళ్లకు కాలినడకన తిరిగే భక్తులకు, ఆ దారిలో ఉన్న మా ఊరి యాత్రికుల సేవాసంఘం సవినయంగా తెలియజేయునది ఏమనగా, పుణ్యం లెక్కల్లో తరతరాలుగా ఉన్న చిక్కు తీరిపోయింది.

తీర్చిన మహానుభావుడు కుజుమి గారు. టోక్యో నుంచి వచ్చారు. తన ఏకాంతాన్ని ఏ రోజుకారోజు వీడియో తీసి లోకానికి చూపిస్తారు. ఏకాంతం చూపించడమంటే మాటలా? కెమెరాను బండమీద నిలబెట్టాలి. దాని ముందునుంచి తలొంచుకుని మలుపుదాకా ఒంటరిగా నడవాలి. వెనక్కొచ్చి కెమెరా తీసుకోవాలి. మళ్లీ నడవాలి. ఈ లెక్కన ఆయన ఎక్కిన కొండే మళ్లీ ఎక్కుతూ వస్తున్నారు.

మా దగ్గర యాత్రను వెనకనుంచి ముందుకు, అంటే చివరి గుడితో మొదలుపెట్టి, చేస్తే మూడింతల పుణ్యమని పెద్దలమాట. కెమెరా కోసం వెనక్కి నడిచిన నడక ఆ పద్దులో పడుతుందా అని సంఘం తర్జనభర్జన పడి, పడుతుందని తీర్మానించింది. అధ్యక్షులు మునెచికా గారు గొంతు సవరించుకుని, "ఈ దారి చూపిన దైషీ స్వామి వెళ్లినదారిన ముందుకే వెళ్లిపోయారు. పాపం, ఆయన దగ్గర కెమెరా లేదు" అని సెలవిచ్చారు. చప్పట్లు కొట్టాం.

అంతటివారు తొయోనో అవ్వ గుమ్మం ముందు ఆగారు. అవ్వకి మోకాళ్లు పోయాయి. పోయినేడు కూతురూ పోయింది. ఆ పిల్ల జుట్టుపాయ ఒకటి గుడ్డలో మూటగట్టి ఉంచింది. ఎవరైనా నడిచి చివరి గుడికి చేర్చాలి, లేకపోతే పిల్ల దారి దొరక్క తిరుగుతుంటుందని ఆమె దిగులు. ఎవరు ఏది ఇచ్చినా యాత్రికుడు కాదనకూడదని మా ఆచారం.

"నాయనా, మా పిల్లని కాస్త గుడిదాకా దిగబెట్టు" అంది మూట చాపుతూ.

కుజుమి గారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నిజం నీళ్లే. చూసుకుంటే వీడియోలో సరిగ్గా పడలేదు. మూట ఆమె చేతిలో పెట్టి, "ఇంకోసారి ఇవ్వవ్వా" అన్నారు. ఇచ్చింది. "కొంచెం నెమ్మదిగా." ఇచ్చింది. "మొహం ఇటు తిప్పి." ఇంకోసారికని మూట వెనక్కిచ్చేసరికి వెలుతురు పోయింది. ఉన్నది చాల్లెమ్మని దణ్ణం పెట్టి వెళ్లిపోయారు.

ఆ వీడియో చూసి ఊరంతా ఏడ్చింది. అవ్వా ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, ఒళ్లో మూట చూపించి, "మరి ఇది చేరేదెట్లా?" అంది.

"అరలక్షమంది చూశారవ్వా. ఇంకెక్కడికి చేరాలి?" అన్నారు మునెచికా గారు.

"గుడికి" అంది. వయసు మీదపడింది లెండి, పట్టుదల ఎక్కువ.

ఇప్పుడామె గుమ్మం దగ్గర బోర్డు పెట్టించాం. యాత్రికులు వరసకట్టి ఆగుతున్నారు. అవ్వ ఒక్కొక్కరికీ మూట చాపుతుంది. ప్రతిసారీ ఇచ్చేద్దామనే ఇస్తుంది. వాళ్లు కన్నీళ్లు బాగా వచ్చాయో లేదో ఫోనులో చూసుకుని, మూట జాగ్రత్తగా ఆమె ఒళ్లో పెట్టి వెళ్తున్నారు. వెనకవాళ్లకి కావాలి కదా, అంత మర్యాదస్తులు.

వరస చెదరకుండా మా సంఘం సభ్యులం పొద్దస్తమానం నిలబడే ఉంటున్నాం. చివరి గుడి ఇక్కడికి మరీ దూరమేం కాదు. మాలో ఎవరికీ మోకాళ్లనొప్పులు కూడా లేవు.