టేపు బాబాయిగారి అసలు పేరు

నచ్చని నాయకుడికి ముద్దుపేరు పెట్టడం ప్రతి పౌరుడి కనీస బాధ్యత అని నా గట్టి నమ్మకం. ఓటు వేయడం మరిచిపోయినా క్షమించవచ్చు. పేరు పెట్టడం మాత్రం మరవకూడదు.

అలా పేర్లు పెడితే వాళ్ళను చులకన చేసినట్టు కాదా అని కొందరు మర్యాదస్తులు నొచ్చుకుంటారు. పొరపాటు! అది వాళ్ళను మనలో కలుపుకోవడం. మా వీధిలో జరిగింది చెబుతాను, తీర్పు మీరే ఇవ్వండి.

మా వీధికీ మెయిన్ రోడ్డుకీ మధ్య ఒక మురుగు కాలువ ఉంది. దాని మీద వంతెన ఉండాలి. ఉన్నవి రెండు చెక్కలు. ఒకటి కదులుతుంది, రెండోది దాన్ని చూసి కదులుతుంది. వంతెన కట్టిస్తానని మాటిచ్చి మా కౌన్సిలరు గెలిచారు. గెలిచిన నెలకే నలుగురిని వెంటబెట్టుకొచ్చి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా టేపు పట్టించి, ఫోటో దిగి వెళ్ళారు. ఆరు నెలలకు మళ్ళీ వచ్చి కొలిపించారు. కాలువ ఈలోగా ఎదిగిందేమోనని అనుమానం కాబోలు. నాలుగేళ్ళలో ఏడుసార్లు కొలిచారు.

ఏడోసారి వీధి మలుపులో కొట్టు పెట్టుకున్న టైలరు, పని ఆపి గుమ్మంలోకి వచ్చి చూశాడు.

"ఇన్నిసార్లు కొలతలు తీసి ఒక్క చొక్కా కుట్టకపోతే, నన్ను ఈ వీధిలో బతకనిచ్చేవాళ్ళా?" అన్నాడు.

సాయంత్రానికల్లా కౌన్సిలరుగారు టేపు బాబాయి అయిపోయారు.

ఆ పేరు చేసిన మేలు అంతా ఇంతా కాదు. అంతకుముందు ఆయన మాట వస్తే పళ్ళు నూరేవాళ్ళం. బాబాయి అయ్యాక ఎలా నూరుతాం? సొంత బాబాయి పెళ్ళికి వస్తానని రాకపోతే కేసు పెడతామా? చెక్క మీద కాలు జారి మోకాలి దాకా బురదైనవాళ్ళు, "అంతా బాబాయి దయ" అని నవ్వుకుంటూ కడుక్కునేవాళ్ళు. గోడ తగాదాతో ఆరేళ్ళుగా మాటల్లేని రెండు ఇళ్ళవాళ్ళు బాబాయి మీద జోకు పంచుకోవడానికని మళ్ళీ కలిశారు. ఏ వంతెన కలిపింది ఇంతమందిని?

ఎన్నికలొచ్చాయి. పేరు సంగతి తెలిసి ఆయనకు కోపం వస్తుందేమోనని కాస్త జంకాం. రాలేదు. మెళ్ళో టేపు వేసుకుని నవ్వుతున్న పోస్టరు వచ్చింది. కింద పెద్ద అక్షరాలతో "మీ టేపు బాబాయి" అని ఉంది, ఇంకేమీ లేదు. ప్రచారానికి వచ్చి నేరుగా టైలరు కొట్టుకే వెళ్ళి, నాకు పేరు పెట్టిన పెద్దమనిషివి నువ్వేనటగా అని భుజం తట్టారు. టైలరు రెండు రోజులు నేల మీద నడవలేదు.

ఎదురు నిలబడ్డాయన రిటైరైన ఇంజనీరు. ఉద్యోగంలో ఉండగా తొమ్మిది వంతెనలు కట్టాడట. పాపం, ముద్దుపేరు లేదు. ముద్దుపేరు లేని మనిషిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? చిత్తుగా ఓడిపోయాడు.

ఫలితాలొచ్చిన మూడో వారం, వాన వెలిసిన పొద్దున, కుట్టిన బట్టల మూట భుజాన వేసుకుని చెక్క దాటుతూ టైలరు కాలువలో పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. కత్తెర పట్టే చెయ్యి.

మా అక్క ఆసుపత్రిలో నర్సు. ఇంట్లో నాలాంటివాడొకడు హాస్య వ్యాసాలు రాసుకుని బతుకుతుంటే చాలని తను హాస్యం జోలికి రాదు. నేను వెళ్ళేసరికి కట్టు వేసేశారు. మళ్ళీ మిషను ఎక్కడం ఎన్నాళ్ళకని టైలరు భార్య అడిగింది. మూడు నెలలు పడుతుందని, బొటనవేలు మునుపటిలా వంగుతుందో లేదో చెప్పలేనని డాక్టరు అన్నాడు. ఆవిడ మంచం కమ్మీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అక్క ఓ తెల్ల కాగితం తీసి ఫిర్యాదు రాయడం మొదలుపెట్టింది.

"కౌన్సిలరు పేరేమిట్రా?" అంది.

"టేపు బాబాయి."

"అసలు పేరు."

నాకు తెలియదు. టైలరుకూ తెలియదు. వీధిలో ఓ ఐదుగురికి ఫోను చేసి అడిగితే వాళ్ళకూ తెలియదు. ఓటు వేసినప్పుడు చూడలేదా అని అక్క నిలదీస్తే, గుర్తు చూసి గుద్దామని అందరం ఒక్కమాటే చెప్పాం.

మర్నాడు అక్క సెలవు పెట్టి మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళి, ఇంటిపేరుతో సహా ఆయన పూర్తి పేరు రాసుకొచ్చింది. ఫలానావారు ఫలానా తేదీల్లో ఏడుసార్లు కొలిచారని కాగితం నింపి, ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించింది.

ఆ కబురు అందిందో ఏమో, వారంలోపే కౌన్సిలరుగారు పళ్ళబుట్టతో టైలరును పలకరించడానికి వాళ్ళింటికి వచ్చారు. మెళ్ళో టేపు. బాబాయి వచ్చాడని చెప్పమ్మా అంటూ లోపలికి అడుగుపెట్టారు. కట్టు చూడటానికి వచ్చిన అక్క లేచి, ఇంటిపేరుతో మొదలుపెట్టి ఒక్క అక్షరం పోకుండా ఆయన్ను పేరు పెట్టి పిలిచి, చివర గారూ అని చేర్చి, కుర్చీ చూపించింది. వంతెన పని ఎప్పుడు మొదలవుతుందని అడిగింది.

నేను ఆ గదిలోనే ఉన్నాను. తిట్టినా, పాట కట్టి ఎగతాళి చేసినా చెక్కుచెదరని మనిషి ముఖం తన సొంత పేరు వినగానే పాలిపోయింది.

"అలా పరాయివాణ్ణి చేయకమ్మా. నేను మీ వాణ్ణే కదా" అన్నారు.

"మావాళ్ళయితే పళ్ళు తెస్తే చాలండి" అంది అక్క. "కౌన్సిలరుగారు కదా, వంతెన తేవాలి."

మంచం మీద నుంచి టైలరు కూడా ఆ పొడుగాటి పేరు కూడబలుక్కుని పలికి, పని ఎప్పుడు మొదలవుతుందో తనకూ తెలియాలన్నాడు. కౌన్సిలరుగారు టేపు తీసి జేబులో పెట్టుకున్నారు.

నెల తిరక్కుండా పునాదులు తవ్వారు. టైలరు బొటనవేలు ఇంకా సరిగా వంగడం లేదు. భార్య బట్ట కత్తిరిస్తుంది, అతను కుడతాడు. వీధిలో మునుపటి నవ్వులు లేవు. అందరూ కాంట్రాక్టరును సిమెంటు పాళ్ళు అడుగుతూ తిరుగుతున్నారు. చూశారా, ఒక మనిషిని మర్యాదగా పేరు పెట్టి పిలిస్తే ఎంత చేటో!

నిన్న అక్క ఒక మాట అడిగింది. ఆ పేరు పుట్టినప్పటి నుంచి టేపు బాబాయి మీద పదకొండు వ్యాసాలు రాశావు కదా, ఒక్కదాంట్లోనైనా ఆయన పేరు రాశావా అని. అన్నీ తిరగేశాను. లేదు.

ఇది పన్నెండోది. ఇందులోనూ లేదు. మీరూ అడగలేదు.