అన్నీ కొట్టేస్తే మిగిలింది ఒకటి

ఆ ఉదయం కెమిస్ట్రీ మేడం వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు ఇన్‌స్పెక్షన్ ఆఫీసరు క్లాసుకొస్తారు. పాఠం నచ్చితే ఆరేళ్ల టెంపరరీ ఉద్యోగం పర్మనెంటవుతుంది, నచ్చకపోతే ఇంటికే. అందుకని తొమ్మిదిన్నరకే సున్నపురాయి కాలే చర్యను ముత్యాల్లాంటి అక్షరాలతో బోర్డు మీద రాసింది: CaCO₃ ⇌ CaO + CO₂. దాని కింద సమతాస్థితి స్థిరాంకం: K = [CO₂]. సున్నపురాయీ సున్నమూ ఘనపదార్థాలు కాబట్టి అందులో రాయకూడదు, వాయువొక్కటే రాయాలి. వారం రోజులుగా పిల్లల చేత వల్లె వేయించిన పాఠమంతా అంతే. ఇంతలో ఆఫీసరుకు ఎదురెళ్లమని కబురొస్తే గేటు దగ్గరికి పోయింది. అదే ఆమె చేసిన పొరపాటు.

గది సర్దారో లేదో చూద్దామని ప్రిన్సిపాల్ గారు, ఆయన వెనకే లెక్కల మాస్టారు వచ్చారు. ప్రిన్సిపాల్ గారిది హిస్టరీ. బోర్డు చూసి ఆయన సుద్దముక్క అందుకున్నారు.

"ఇదెక్కడి చోద్యమండీ! పైన మూడుంటే కింద ఒక్కటే రాసిందేమిటి? ఎగ్గొట్టిందనుకోరూ? చిన్నప్పుడు బట్టీపట్టాను, పుట్టినవి పైన, పోయినవి కింద" అంటూ CO₂ పక్కన CaO చేర్చి, వాటి కింద గీత గీసి, గీత కింద CaCO₃ రాసేశారు.

భిన్నం కనబడితే మాస్టారి చెయ్యి ఊరుకోదు. "సూక్ష్మీకరించకుండా వదిలేస్తారా ఎవరైనా?" అని పైన Ca, కింద Ca కొట్టేశారు. C కి C పోయింది. పైన మూడు O లకు కింద మూడు O లు చెల్లు. K = 1 అని రాసి, చుట్టూ గడి గీసి, చేతులు దులుపుకున్నారు.

గంట కొట్టారు. పిల్లలు కూర్చున్నారు, పెద్దలిద్దరూ కిటికీ దగ్గర నిలబడ్డారు. ఆఫీసరుతో లోపలికొచ్చిన మేడం బోర్డు చూసి నిలువునా నీరైపోయింది.

"ఎవరండీ ఈ పని చేసింది?" అని ఆ ఇద్దరి దగ్గరికెళ్లి గుసగుసగా అడిగింది.

"క్లాసు మీది, బోర్డు మీది, నాకేం తెలుసమ్మా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు కిటికీలోంచి బయటికి చూస్తూ.

"ఆన్సరు మాత్రం కరెక్టే" అని గొణిగారు మాస్టారు.

ఆరేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే. మేడంకి ఒళ్లు మండిపోయింది. ఇంక పోయేదేముందని సుద్దముక్క బల్ల మీద విసిరికొట్టి, "ఇందులో ఎన్ని తప్పులున్నాయో మీరే చెప్పి ఏడవండర్రా!" అంది పిల్లలతో.

"ఘనపదార్థాలు రాయకూడదు మేడం!"

"ఫార్ములాలో అక్షరాలు కొట్టేయకూడదు మేడం, అవి అంకెలు కావుగా!"

చివరి బెంచీ కూడా లేచి చెప్పింది. ఆఫీసరు చప్పట్లు కొట్టారు.

"భేష్! కావాలని తప్పులు రాసి పిల్లలతో పట్టించడమా! ఇలాంటి పాఠం నేనెక్కడా చూళ్లేదమ్మా. రేపే ఆర్డరిప్పిస్తాను. ఇంతకీ ఇంత చక్కటి తప్పులు ఎవరికి తట్టాయి?"

మేడం నోరు తెరిచేలోగా ప్రిన్సిపాల్ గారు, మాస్టారు ఒకరినొకరు తోసుకుంటూ ముందుకొచ్చి, ఆ తప్పులు తమవేనని ఒప్పుకున్నారు.