అల్లుడి గొంతు

క్రికెట్‌ను కొత్త కంపెనీ కొనేసిందన్న సంగతి గురునాథ్‌కు తన పిండి గిర్నిలో జొన్నలు పోస్తుండగా తెలిసింది. పోయినేడు మ్యాచులు చూపించింది ఫోన్ల కంపెనీ యాప్. ఈసారి సబ్బుల నుంచి సైకిళ్ళ దాకా ఇంటికి పంపే కంపెనీ వేలంలో ఎక్కువ పాట పాడి ఎత్తుకుపోయింది. ఇక నుంచి దాని యాప్‌కు డబ్బు కడితేనే చూడాలి.

గురునాథ్ మనసు చివుక్కుమంది. అతని చిన్నప్పుడు, కన్నడ నాట ఉన్న వాళ్ళ ఊరు చిద్రిలో ఒక్క ఇంట్లో టీవీ ఉంటే వాడంతా ఆ ఇంటి వాకిట్లోనే కూర్చునేది. ఇప్పుడు ఎవరి ఫోన్ వాళ్ళు పట్టుకుని, ఎవరి మూలన వాళ్ళు కూర్చుని, ఎవరి చప్పట్లు వాళ్ళు కొట్టుకుంటున్నారు.

"నేనైతే కట్ట. ఆట వాళ్ళయ్య జాగీరా?" అన్నాడు ఇంటికొచ్చి.

"అయితే చూడకు," అంది అంబిక రొట్టె తడుతూ.

చూడకుండా ఎలా? ఆదివారం మధ్యాహ్నం ఫైనల్. పాతకాలం లెక్క అందరం కలిసి చూద్దామని వాడంతా పిలిచి వచ్చాడు. పిలిచాక చూపించకపోతే మర్యాద మంటగలుస్తుంది.

ఆ కంపెనీలో ఒక దయాగుణం ఉంది. ఎప్పుడూ వాడని ఫోన్ నంబరుతో చేరితే మొదటి నెల ఉచితం. కానీ అతని నంబరు, అంబికది, పక్కింటి సిద్ధప్పది, అన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఆ ఉచితం తిని కూర్చున్నవే. బాగా ఆలోచిస్తే కంపెనీ కన్ను పడని నంబరు చుట్టాలందరిలో ఒక్కటే తేలింది. సంతపూర్‌లో ఉన్న అత్తగారు హనుమవ్వది. బర్రెల పాలు పోస్తూ, మహిళా సంఘాన్ని నడుపుతూ, చిన్న బటన్ల ఫోన్ కొంగున ముడేసుకుని తిరిగే మనిషి.

"మీ అమ్మ నంబరు కొడత. ఆమెకు ఓటీపీ వస్తది. చదివి చెప్తది. అంతే పని," అన్నాడు.

అంబిక రొట్టె తిరగేయడం ఆపింది. "మా అమ్మకు నువ్వు ఫోన్ చేస్తవా?"

"చేస్తే ఏమైతది?"

"ఏం కాదు. పెండ్లయినంక ఎన్నడు చెయ్యలే గదా, అందుకడిగిన."

"నువ్వు దినాం మాట్లాడుతనే ఉంటివి. నడుమ నేనేం మాట్లాడాలె?"

అంబిక మళ్ళీ రొట్టె తిప్పడంలో పడింది. ఆ మౌనాన్ని ఒప్పుకోలు అనుకోవడం గురునాథ్‌కు పెళ్ళినాటి నుంచీ ఉన్న అలవాటు.

ఆదివారం టీవీ ముందు చాప నిండింది. గురునాథ్ ఠీవిగా అత్తగారి నంబరు నొక్కి, ఆమెకు ఫోన్ కలిపాడు.

"అత్తమ్మా, బాగున్నరా అత్తమ్మా?"

"ఎవరు?"

"నేనే అత్తమ్మా, గురునాథ్‌ని. మీ ఫోన్‌కు ఒక నంబరొచ్చింది. జర చదివి చెప్పండి అత్తమ్మా."

మొన్ననే బ్యాంకువాళ్ళు సంఘం మీటింగుకు వచ్చి, ఫోన్‌కు వచ్చిన నంబరు ఎవరికీ చెప్పొద్దని, కొడుకునన్నా అల్లుణ్ణన్నా నమ్మొద్దని చెప్పి వెళ్ళిన సంగతి ఇతనికి తెలియదు.

"మా అల్లుడు నాకు ఫోన్ చెయ్యడయ్యా," అంది హనుమవ్వ తాపీగా. "సరే, అల్లుడివే అయితే చెప్పు. నాకు ఏ మోకాలు నొస్తది?"

గురునాథ్ ఫోన్‌ను చేత్తో మూసి వంటింటివైపు చూశాడు. "అంబికా, మీ అమ్మకు ఏ మోకాలు?"

"నిన్ను గదా అడిగింది, నువ్వే చెప్పు."

"కుడిది అత్తమ్మా."

"నా మోకాళ్ళు రెండూ మంచిగున్నయి. నొచ్చేది నడుం. పెట్టెయ్యి ఫోన్."

టాస్ అయిపోయింది. సిద్ధప్ప ఫోన్ లాక్కుని, కంపెనీ ఆఫీసర్‌నంటూ సర్కారు ఆఫీసుల్లో మాట్లాడే కన్నడంలో గంభీరంగా మొదలుపెట్టాడు. "ఓహో, ఇద్దరున్నరా," అని హనుమవ్వ ఫోనే బంద్ చేసింది.

కాసేపటికి సంతపూర్ చుట్టాల ఫోన్లు అంబికకు రావడం మొదలైంది. గురునాథ్ పేరు చెప్పుకుని దొంగలు తిరుగుతున్నారట, జాగ్రత్త అని. అంబిక అందరికీ ఒకటే చెప్పింది. "అవునా చిన్నమ్మా? మా ఆయనైతే ఇంట్లనే ఉన్నడు. ఆయన మా అమ్మకు ఫోన్ చేసుడేంది?"

చాప మీదివాళ్ళు గురునాథ్‌ను జాలిగా చూశారు. "చాయ్ తాగుతుండండి, ఇట్ల పోయి అట్ల వస్త," అని అతను బండి తీశాడు.

సంతపూర్‌లో అల్లుణ్ణి వాకిట్లో చూడగానే హనుమవ్వ మొహం పాలిపోయింది. "బిడ్డ బాగున్నదా అయ్యా?" అంది.

ఊరికే తనను చూడటానికి అల్లుడు వస్తాడని ఆమెకు తోచనే లేదు. గురునాథ్‌కు సిగ్గేసింది. "అందరూ బాగున్నరు. ఊకెనే వచ్చిన," అన్నాడు.

ఆ మాటకు ఆమె ఎంత మురిసిందో. పీట వేసింది, పెరుగు వేసి రొట్టె పెట్టింది. తింటుంటే చెప్పింది. "ఎవడో దొంగ నీ పేరు చెప్పి ఫోన్ చేసిండు బిడ్డా. గొంతు గూడ అచ్చం నీదే. జరసేపు నమ్మిన."

"మరి ఎట్ల పట్టుకున్నరు?"

"ఊకె అత్తమ్మా అత్తమ్మా అన్నడు. బాగున్నరా అని గూడ అడిగిండు. మా అల్లుడు గాదని అక్కడనే తెలిసింది."

ఇప్పుడు నంబరు అడిగితే ఆ దొంగ తనేనని తేలిపోతుంది. అడగకపోతే ఫైనల్ పోతుంది. గురునాథ్ నీళ్ళు తాగి, ఇంకో రొట్టె వేయించుకుని, నడుము నొప్పి ఎప్పటి నుంచని అడిగాడు. ఆమె చాలాసేపు చెప్పింది. అతను నిజంగానే విన్నాడు.

అప్పుడు సిద్ధప్ప ఫోన్. "ఎక్కడున్నవన్నా? మ్యాచ్ మస్తు టైట్‌గ నడుస్తాంది. నువ్వు పోంగనే అంబిక వదిన టీవీల పెట్టింది."

చీకటి పడే వేళకు ఇల్లు చేరేసరికి చాప చుట్టేసి ఉంది.

"నీ దగ్గర ఎట్లుంది ఆ యాప్?" అన్నాడు అంబికతో.

"నా సీరియల్ గూడ దాంట్లనే వస్తది. ఉగాదికే కట్టిన."

"ముందుగాల చెప్పకపోతివి?"

"నేనేం చూస్తనో నువ్వెన్నడన్న అడిగినవా?" అంది అంబిక. చుట్టిన చాప మూలకు నిలబెడుతూ మెల్లగా, "మా అమ్మకు నువ్వు ఫోన్ చేసుడు ఒక్కసారన్న వినాలనుకున్న," అంది.

ఆ మాట అతనికి గట్టిగానే తగిలింది.

మర్నాడు సాయంత్రం గిర్ని మూసి వచ్చి, వాకిట్లో కూర్చుని గురునాథ్ ఫోన్ కలిపాడు.

"ఎవరు? నాకు నొచ్చేదేంది?"

"నడుం, అత్తమ్మా."

"ఆఁ, అయితే అల్లుడివే," అంది హనుమవ్వ తృప్తిగా. "నిన్న వచ్చిన నంబరు ఫోన్లనే ఉన్నది. ఇప్పుడు చదవాల్నా బిడ్డా, నిన్న అత్తమ్మా అత్తమ్మా అని గొంతు గట్టిగ అరగదీసుకున్నవు గదా?"

వంటింట్లో అంబిక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వద్దత్తమ్మా," అన్నాడు గురునాథ్. "మీ నడుం సంగతి చెప్పండి."