కూలినా కూలని బట్టీ

ఆకలి ఎవరింట్లో వాళ్లకు వేయవచ్చు గానీ, రొట్టె మాత్రం మఠం బట్టీలోనే కాలాలి. నాగరికత అంటే అదే. మోర్వాల్ ఊరు ఈ నాగరికతను తాతల నాటి నుంచి అనుభవిస్తోంది. ఇంట్లో కాల్చుకుంటే మఠానికి చెందవలసిన పొగను దొంగిలించినట్టు. బట్టీలో కాలిస్తే ప్రతి వాయికీ ఒక రొట్టె మఠం వాటా. (మాడిపోయిన వాయికీ అంతే. మాడ్చడం కూడా సేవే.)

ఆ ఆదివారం మఠం చర్చిలో దీవించి పంచే రొట్టెలు ఇచ్చే వంతు ఒడెలీన్‌ది. ఇచ్చిన ఇంట్లో పోయినవాళ్ల పేరు ప్రార్థనలో చదువుతారు. చలికాలంలో పోయిన మొగుడు గిల్బెర్ పేరు ఒక్కసారైనా అక్కడ వినాలని ఆమె ఆశ. పిండి కలిపి తీసుకెళ్తే బట్టీ కప్పు కూలిపోయి ఉంది.

"ఎప్పుడు బాగవుతుంది అయ్యగారూ?" అని బట్టీ చూసే సన్యాసి అన్సోను అడిగింది.

"కూలిందని పైనుంచి ఉత్తర్వు రాలేదమ్మా. వచ్చేదాకా అది కూలినట్టు కాదు."

"పోనీ, మా ఇంటి పొయ్యి మీద కాల్చుకోనా?"

"బట్టీ ఉండగా ఇంట్లోనా? ఎంత ధైర్యమే నీకు!"

చర్చి చూసే సన్యాసి తియెరీ దగ్గరికి పరుగెత్తింది. "వంతు తప్పితే పేరు చదవం. ఆ వంతు మళ్లీ ఊరంతా తిరిగి నీదాకా రావాలి," అన్నాడాయన.

"మీరిద్దరూ ఒకే బల్ల దగ్గర తింటారు కదయ్యా, ఓ మాట అనుకోరాదూ?"

"భోజనం దగ్గర మాట్లాడకూడదని మా నియమం."

ఆదివారం ఆమె పచ్చి పిండి ముద్దలే పళ్లెంలో పెట్టుకొచ్చింది. తియెరీ దీవించాడు. జనం తలా ఒక చిటికెడు భక్తిగా నోట్లో వేసుకున్నారు.

"మా ఆవిడ కాల్చిన వాటికన్నా నయమే," అన్నాడు కమ్మరి ఉడార్.

బట్టీ కూలలేదు కాబట్టి వాయి కాలినట్టేనని తేల్చి, అన్సో మఠం వాటా ముద్ద తీసుకున్నాడు. రొట్టె పచ్చిది కాబట్టి పూర్తి పేరు చదవడం కుదరదని తేల్చి, తియెరీ "గిల్" అని ఆగిపోయాడు.

ఒడెలీన్‌కు దుఃఖం పొంగుకొచ్చింది. "బెర్!" అని గట్టిగా అరిచింది.

ప్రార్థన మధ్యలో మాట్లాడినందుకు శిక్షగా మఠానికి ఇంకో రొట్టె తెమ్మన్నారు. ఈసారి బాగా కాలినది.