పాపాయి ఆకలిని ఎత్తుకెళ్ళిందెవరు?

"నేరస్తులు రెండు రకాలు చెల్లీ. ఇప్పటికే నాకు దొరికినవాళ్ళు, ఇకముందు దొరకబోయేవాళ్ళు. మూడో రకం ఈ భూమ్మీద పుట్టలేదు."

"ముందు చెప్పులు విడిచి లోపలికి రా అన్నయ్యా," అంది చెల్లెలు.

ఆమె హాల్లో నేలమీద కూర్చుని ఉంది. చేతిలో చెంచా, ఒళ్ళో గిన్నె, జుట్టులో క్యారెట్ గుజ్జు. ఎదురుగా పదమూడు నెలల పాపాయి పెదవులు బిగించి, ఇక నీ ఇష్టం అన్నట్టు చూస్తోంది.

అన్నయ్యది కళ్ళజోళ్ళ దుకాణం. పదిమంది చూపూ సరిచేసే ఆ మహానుభావుడికి తన కళ్ళెదుట ఉన్నది మాత్రం కనబడదు. అయినా దుకాణంలో ఒక భూతద్దం ఉండటం వల్ల తాను పుట్టు డిటెక్టివునని ఆయన నమ్మకం. పోయిన నెల తన గొడుగు పోయిందని మూడు రోజులు పరిశోధించి, పక్కకొట్టు టైలరును అనుమానించి, నాలుగోనాడు వాన పడితే సంచిలోంచి ఆ గొడుగే తీసి వేసుకుని ఇంటికెళ్ళాడు. పరిష్కరించిన కేసుల జాబితాలో అదే మొదటిది. రెండోది ఇంకా లేదు.

అలాంటి మనిషిని పిలవడానికి చెల్లెలికేమీ సరదా కాదు. మందుల కంపెనీ ల్యాబులో పనిచేసే ఆమె సెలవు ఆదివారంతో అయిపోతుంది. కొలతలూ పట్టికలూ ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. పాపాయికి ఏ పూట ఎన్ని చెంచాలు పెట్టాలో, ఏవి పెట్టకూడదో కాగితం మీద రాసి వంటింటి గోడకు అంటించింది. రెండేళ్ళ దాకా తీపి వద్దు అన్న మాట కింద రెండు గీతలు కూడా గీసింది. ఇంత చేసినా బుధవారం నుంచి, అంటే నాలుగు రోజులుగా, పాపాయి తల్లి చేతి ముద్ద ముట్టడం లేదు. నేనుండగానే తినని పిల్ల నేను లేకపోతే తింటుందా అన్న బెంగతో ఆమెకు కాలూ చెయ్యీ ఆడటం లేదు. ఉద్యోగానికి ఇక రాలేనని ఫోన్లో ఉత్తరం రాసి పెట్టుకుంది. ఇవాళ సాయంత్రం లోపు పిల్ల తినకపోతే పంపించేయాలని నిశ్చయం.

"పళ్ళు వస్తున్నాయేమో అన్నయ్యా."

"నువ్వలా అనుకోవాలనే వాడి పథకం."

"ఎవడి పథకం?"

"అది చెప్పేస్తే కేసు అయిపోదూ? ఇది ఆకలి దొంగతనం చెల్లీ. నా అనుభవంలో ఇంత ఘోరం చూళ్ళేదు." ఆయన భూతద్దం పెట్టి గిన్నెలోకి చూశాడు. ఒక చెంచా నోట్లో వేసుకున్నాడు. "విషం లేదు." ఇంకో చెంచా వేసుకున్నాడు. "ఉప్పు కూడా లేదు."

"చిన్నపిల్ల కదా, ఎక్కువ ఉప్పు పడదు."

"అయితే పాప తినకపోవడానికి నాకొక బలమైన కారణం కనబడుతోంది," అంటూనే గిన్నెలో సగం పరీక్ష పేరుతో పూర్తిచేశాడు. "బావ ఎక్కడ?"

"ఆఫీసు పనిమీద వెళ్ళారు. వారం రోజులుగా ఊళ్ళోనే లేరు."

"చూశావా, ఎంత జాగ్రత్తపడ్డాడో."

ఇక విచారణ మొదలైంది. హాలు మూలన పడక్కుర్చీలో మామగారు పేపరు చదువుతున్నారు. అన్నయ్య ఆయన ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"బుధవారం పొద్దున పదింటికి మీరెక్కడున్నారు మామయ్యగారూ?"

పేపరు ఇంకాస్త పైకి లేచింది. "ఇక్కడే బాబూ. ఈ కుర్చీలో."

"గురువారం?"

"ఈ కుర్చీలోనే."

"శుక్రవారం?"

"నేను రిటైరయ్యాను బాబూ."

జవాబులు బట్టీపట్టినట్టున్నాయి అని అన్నయ్య పుస్తకంలో రాసుకున్నాడు. పోతూపోతూ మామగారి కళ్ళజోడు ఊడబెరికి జేబులో వేసుకున్నాడు. "దీనిమీద వేలిముద్రలున్నాయి. స్వాధీనం చేసుకుంటున్నాను."

"అవి నావే కదా."

"ఆ సంగతి తర్వాత తేలుతుంది."

వంటింట్లో అత్తగారి కళ్ళజోడుకూ అదే గతి పట్టింది. "దీని కాడ వదులైంది అత్తయ్యగారూ, బిగించి ఇస్తాను," అన్నాడు. నేర పరిశోధన మధ్యలోనైనా వృత్తిధర్మం మరిచిపోకూడదు కదా. ఆవిడ కూరగాయల కత్తి కోసం గట్టంతా తడుముకుంటూ, "ఈ భూతద్దాన్ని ఎవరు పిలిచారమ్మా," అని కోడల్ని మెల్లిగా అడిగింది.

ఈలోగా పాపాయి పడగ్గదిలో నేలమీది పరుపు మీద నిద్రపోయింది. చెల్లెలు తువ్వాలు భుజాన వేసుకుంది.

"నేను తలస్నానం చేసి నాలుగు రోజులైంది. ఇరవై నిమిషాల్లో వస్తాను. నీకు పుణ్యముంటుంది, ఏదీ ముట్టుకోకు."

అన్నయ్య బుద్ధిగా తలూపాడు. స్నానాలగది గడియ పడగానే పాపాయి పౌడరు డబ్బా అందుకున్నాడు. చెంచా మీద పౌడరు చల్లితే హంతకుడి వేలిముద్రలు పైకి తేలతాయని ఆయన సిద్ధాంతం. హత్య జరగలేదన్న చిన్న విషయం ఆయనకు అడ్డు రాలేదు. డబ్బా చిల్లులు మూసుకుపోయి ఉన్నాయి. అడుగున చరిచాడు. రాలేదు. ఈసారి ఒంట్లో బలమంతా పెట్టి చరిచాడు. మూత ఊడిపోయి, డబ్బాడు పౌడరూ ఒక్కసారిగా లేచి, హాలంతా పరుచుకుంది.

ఆయన ఆపకుండా ఏడు తుమ్ములు తుమ్మాడు. చెల్లెలు చూస్తే చీపురు తిరగేస్తుందని తెలుసు కాబట్టి, ఆ చీపురేదో ముందు తానే పట్టుకుందామని గోడ పక్కగా నడిచి బాల్కనీలోకి వెళ్ళాడు. వెనక తలుపు గాలికి ధడాల్న మూసుకుని గడియ పడింది. "బంధించాడు. వాడు ఇక్కడే ఉన్నాడు," అని తనలో తాను గుసగుసలాడుకుని, కుండీల వెనక నక్కి కూర్చున్నాడు.

చెల్లెలు తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మామగారు పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నారు. బూడిదరంగు నేలంతా తెల్లగా ఉంది. ఆ తెలుపు మీద అడుగులున్నాయి.

ఆమె బాల్కనీ తలుపు తీసింది. అన్నయ్య రెండు చేతులూ పైకెత్తి లొంగిపోబోయి, చెల్లెల్ని చూసి దించేశాడు. హాల్లోకి వచ్చి నెత్తి బాదుకున్నాడు.

"అయిపోయింది. ఎవరో నా పౌడరంతా తొక్కేశారు. సాక్ష్యం సర్వనాశనం."

"అన్నయ్యా, నువ్వు కాసేపు నోరు మూసుకో," అంది చెల్లెలు, నేలనే చూస్తూ.

మొదటి జాడ వంటింట్లోంచి పడగ్గదికి వెళ్ళి తిరిగి వచ్చింది. ఎడమకాలు కొంచెం ఈడ్చిన జాడ. మోకాలి నొప్పి ఉన్నది ఇంట్లో ఒక్కరికే.

"అత్తయ్యా."

అత్తగారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఒక్క అరటిపండమ్మా. అది కూడా సగమే. పొద్దున్నించీ ఏమీ తినలేదు కదా అని ప్రాణం ఉసూరుమంది. నిద్రలో కదిలితే చిదిపి పెట్టాను."

"ఇవాళేనా?"

"మొన్నటి నుంచి," అంది ఆవిడ గోడమీద కాగితం వైపు చూడకుండా. "నువ్వు పెడితే తినకపోబట్టే పెట్టాను. మొదటిరోజు ఎందుకు తినలేదో మాత్రం నాకు తెలీదు, ఒట్టు."

"నాకు తెలుసు," అన్నాడు అన్నయ్య. ఆయన నేలమీద బోర్లా పడుకుని భూతద్దంలోంచి రెండో జాడ చూస్తున్నాడు. "ఇక్కడ ఇంకొకడున్నాడు. పడగ్గదిలోంచి బయల్దేరి తిన్నగా పడక్కుర్చీ దాకా వచ్చి మాయమయ్యాడు. తిరిగి వెళ్ళిన జాడ లేదు. అడుగు నాలుగంగుళాలు. మహా ముదురు చెల్లీ వీడు. నన్ను దారి తప్పించాలని బొమ్మ పాదాలతో అచ్చులేశాడు."

చెల్లెలు కిందికి వంగింది. ఐదు వేళ్ళు, పెసరగింజలంత. ఒక అడుగు, పక్కన ఇంకో అడుగు, కొంచెం వంకరగా మూడోది. మధ్యలో రెండు అరచేతులు ఆనిన గుర్తులు, మళ్ళీ లేచిన గుర్తులు, మళ్ళీ అడుగులు. కుర్చీ దగ్గర బిస్కెట్ పొడి రాలి ఉంది. అక్కడినుంచి మామగారి పెద్ద అడుగులు పడగ్గది దాకా వెళ్ళి వెనక్కి వచ్చాయి.

ఆమెకు చెంచా పట్టుకున్న నాలుగు రోజులూ గుర్తుకురాలేదు.

"మామయ్యా, పాప నడుస్తోందా?"

పేపరు దిగింది. మామగారి ముఖం తప్పు చేసిన పిల్లాడి ముఖంలా ఉంది. "బుధవారం పదీ ఇరవైకి తల్లీ. నేను బిస్కెట్ తింటున్నాను. అంత దూరం నుంచి చూసింది. గోడ వదిలేసి మూడడుగులు వేసింది. పెట్టకుండా ఎలా ఉంటాను చెప్పు. అప్పట్నించీ నువ్వు వంటింట్లో ఉన్నప్పుడల్లా వస్తోంది. పూటకు పదిసార్లు వస్తోంది. ముక్క తీసుకుంటుంది, కూలబడుతుంది, మళ్ళీ వెనక్కెళ్ళి మళ్ళీ వస్తుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామని నాలుగు రోజులుగా నోటిదాకా వస్తోంది. నడిచిందంటే ఎందుకు నడిచిందంటావు. బిస్కెట్ సంగతి బయటపడుతుంది. గోడమీద కాగితం ఉందాయె. కింద రెండు గీతలు కూడానూ."

"నాతోనైనా అనొచ్చుగా," అంది అత్తగారు.

"నువ్వు అరటిపండు సంగతి నాతో అన్నావా?"

"ఇదంతా నేను పన్నిన వల," అన్నాడు అన్నయ్య లేచి మోకాళ్ళు దులుపుకుంటూ. "కావాలనే పౌడరు పరిచాను. నేరస్తులకు వీలు కల్పించడానికే బాల్కనీలో ఉన్నాను. అయితే ఈ చప్పిడి పాదాలవాడెవడో ఇంకా పట్టుబడలేదు. గోడ పక్కనించి బాల్కనీకి పారిపోయాడు." అందరూ ఆయన పాదాల వైపు చూశారు. ఆయన కూడా చూసుకున్నాడు. తర్వాత మెల్లిగా వెళ్ళి చీపురు అందుకున్నాడు.

పడగ్గది గుమ్మంలో చప్పుడైంది. పాపాయి తలుపు పట్టుకుని నిలబడి ఉంది. మూతికి అరటిపండు, నెత్తిన పౌడరు. మామగారి చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్ళి సగంలో ఆగిపోయింది.

"ఇలా ఇవ్వండి మామయ్యా," అంది చెల్లెలు. బిస్కెట్ ముక్క తీసుకుని నేలమీద కూర్చుని చెయ్యి చాచింది.

పాపాయి తాతను చూసింది. అమ్మను చూసింది. ఇదేదో మోసమేమోనని కాసేపు ఆలోచించింది. తర్వాత తలుపు వదిలేసి, రెండు చేతులూ గాల్లో పెట్టి, ఐదడుగులు వేసి అమ్మ ఒళ్ళో పడింది. చెల్లెలు నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే పిల్ల పొట్ట తడిమి చూసింది. పొట్ట నిండుగా, గట్టిగా ఉంది. ఆమె ఒక చేత్తో ఫోన్ తీసి, రాసిపెట్టుకున్న ఉత్తరం చెరిపేసింది.

"సోమవారం నుంచి మీరిద్దరే చూసుకోవాలి," అంది.

మామగారు గొంతు సర్దుకున్నారు. "నువ్వు లేనప్పుడు ఇంకేదైనా కొత్తది చేస్తే?"

"ఫోన్ చేయండి మామయ్యా. బిస్కెట్ పెట్టి చేయించినా సరే, నాకు మాత్రం ఫోన్ చేయండి."